థీమ్ పార్కుకి ముహూర్తం ఎప్పుడు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పిల్లల్ని మొదటిసారి థీమ్ పార్కుకి ఎప్పుడు తీసుకెళ్లాలన్న ప్రశ్నలకి ఈసారి ఈ శీర్షిక మొత్తం కేటాయించాం. ఎక్కువ ఉత్తరాలు హైదరాబాద్ శివారు రావిర్యాలలో ఉన్న వండర్లా గురించి వచ్చాయి. రామోజీ ఫిల్మ్ సిటీ మీద ఒకటి, అమెరికా నుంచి ఒకటి ఉన్నాయి.

ప్రశ్న: బాబుకి పదేళ్లు, పాపకి ఏడేళ్లు. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తప్ప ఇంతవరకూ ఏమీ ఎక్కలేదు. వండర్లాకి ఒక్క రోజు తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఏ నెల మంచిది? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఫిబ్రవరి. సంక్రాంతి సెలవుల సందడి తగ్గాక, పరీక్షల హడావుడి ముదరకముందు, మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకోండి. పిల్లలు ఒక రోజు బడి మానాల్సి వస్తుంది. అయినా ఆదివారం వెళ్లడం కంటే అదే నయం.

అందరూ ముందు ఆకాశం వంక చూస్తారు. ఎండా, వానా, చలా అని. పార్కు విషయంలో అసలు పంచాంగం స్కూలు క్యాలెండరే. ఎండకి టోపీ ఉంది, వానకి షెడ్డు ఉంది, క్యూకి మాత్రం మందు లేదు. లెక్క వేసి చూడండి. ఒక రోలర్ కోస్టర్ రైలులో 20 సీట్లు ఉన్నాయనుకుందాం. జనాన్ని ఎక్కించి, భుజాల మీద బార్లు సరిచూసి, తిప్పి, దించేసరికి నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే గంటకి 15 ట్రిప్పులు, 300 మంది. మీ ముందు 450 మంది ఉంటే గంటన్నర నిలబడాలి. పార్కు తెరిచి ఉండేది ఆరేడు గంటలు. అందులో తిండికి, బట్టలు మార్చుకోవడానికి గంటన్నర పోతే, రద్దీ రోజున పెద్ద రైడ్లు మూడో నాలుగో ఎక్కి ఇంటికి రావడమే.

మొదటిసారి వెళ్లే పిల్లలకి ఖాళీ రోజు కావాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. అది భయం. గంటసేపు క్యూలో నిలబడ్డాక, సీటు దాకా వెళ్లి పాప ‘నేనెక్కను’ అంటే నాన్నకి కోపం వస్తుంది, అన్న వెక్కిరిస్తాడు. చివరికి ఏడుస్తూనే ఎక్కిస్తారు. ఆ తర్వాత రోజంతా ఏ రైడ్ చూపించినా పాప దగ్గరికి రాదు. ఖాళీ రోజున అలా కాదు. పది నిమిషాల క్యూలోంచి పక్కకి తప్పుకున్నా పోయేదేమీ లేదు. చిన్న కోస్టర్‌ని రెండుసార్లు ఎక్కి, ధైర్యం వచ్చాక మళ్లీ ఇటు రావచ్చు. రద్దీ రోజున ‘గేటు తీయగానే పెద్ద రైడ్ దగ్గరికి పరుగెత్తండి’ అని అందరూ చెప్పే చిట్కా, అలవాటున్నవాళ్లకి పనికొస్తుంది. మొదటిసారి వెళ్లే ఏడేళ్ల పాపకి అది సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది.

ఇక వాతావరణం. ఫిబ్రవరిలో హైదరాబాద్ పగటి ఉష్ణోగ్రత 31, 32 డిగ్రీల దగ్గర ఉంటుంది, వాన దాదాపు ఉండదు. మధ్యాహ్నం నీళ్లలో దిగితే హాయిగా ఉంటుంది. డిసెంబర్, జనవరి నడవడానికి ఇంకా బాగుంటాయి కానీ, వేవ్ పూల్‌లో తడిసి గాలికి నిలబడితే నాలుగింటికే పిల్లల పెదాలు వణుకుతాయి. పైగా నవంబర్ నుంచి జనవరి దాకా స్కూలు విహారయాత్రల కాలం. మామూలు బుధవారం కదా అని వెళ్తే, పార్కింగ్‌లో పసుపు బస్సులు బారులు తీరి ఉంటాయి. అలాంటి రోజున ఇరుక్కుపోతే ఒక ఉపాయం: స్కూలు పిల్లల్ని సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో లెక్కపెట్టి బస్సులెక్కిస్తారు. ఆఖరి గంట పొడి రైడ్లకి, అంటే నీళ్లలో దిగనక్కర్లేని వాటికి, అట్టిపెట్టుకోండి.

ఫిబ్రవరిలో రెండు తేదీలు చూసుకోవాలి. ఒకటి మహాశివరాత్రి, దాని చుట్టుపక్కల శని, ఆదివారాలు. రెండోది మేడారం జాతర. రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులు వేలకొద్దీ అటు మళ్లుతాయి. మీ జిల్లా నుంచి బస్సులో రావాలనుకుంటే ఇబ్బందే.

ఫిబ్రవరి కుదరకపోతే రెండో ఎంపిక జూన్ చివరి పది రోజులు. బళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. కొత్త పుస్తకాలు, యూనిఫారాలు, ఫీజులతో ఇళ్లన్నీ సతమతమవుతుంటాయి, పార్కు ఖాళీ అవుతుంది. ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది, నీళ్లు చల్లగా ఉండవు. వాన వస్తే రావచ్చు, దాని సంగతి కరీంనగర్ ప్రశ్నలో చెప్పాం. మూడో ఎంపిక, దసరా సెలవులయ్యాక బళ్లు తెరిచిన రోజు నుంచి దీపావళి ముందు వారం దాకా.

ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా వచ్చి, విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి, 13వ నంబరు ఎగ్జిట్‌లో దిగితే చాలు. ఊళ్లోకి వెళ్లాల్సిన పనే లేదు. నాలుగైదు గంటల ప్రయాణం. కారులో అంతసేపు కూర్చున్న పిల్లల్ని దిగీదిగగానే గిరగిరా తిరిగే రైడ్ ఎక్కిస్తే వాంతి ఖాయం. వీలైతే ముందురోజు రాత్రే వచ్చి పడుకోండి. పొద్దున రెండు ఇడ్లీలు చాలు, పూరీ వద్దు. మధ్యాహ్నం భోజనం చేశాక ముప్పావుగంట దాకా తిరిగేవి, తలకిందులు చేసేవి ఎక్కకండి.

సాధారణంగా గేట్లు 11 గంటలకి తెరుస్తారు, నీటి రైడ్లు 12 దాటాకే మొదలవుతాయి. మామూలు రోజుల్లో శని, ఆదివారాల కంటే త్వరగా మూసేస్తారు. వెళ్లే తేదీకి వేళలు ఎలా ఉన్నాయో పార్కు వెబ్‌సైట్‌లో ముందురోజు చూసుకోండి. మొదటి గంటంతా పొడి రైడ్లు, అందులోనూ చిన్నవి. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా నీళ్లు. తర్వాత బట్టలు మార్చుకుని, అప్పటికి ధైర్యం వచ్చి ఉంటే పెద్దవి. నీళ్లకీ పొడికీ మధ్య నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగితే లాకర్ల దగ్గరే పొద్దుపోతుంది.

ప్రశ్న: మేమిద్దరం టీచర్లం. మాకు మే నెల తప్ప వేరే వీలు లేదు. మేలో వెళ్లడం పూర్తిగా తప్పా? – విజయవాడ

జవాబు: తప్పేం కాదు, తేదీ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. మే మూడో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా రెండు కష్టాలు కలిసి వస్తాయి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. అది మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. అదే సమయంలో, సెలవులైపోతున్నాయన్న కంగారుతో వాయిదా వేసుకున్నవాళ్లంతా ఒక్కసారిగా వస్తారు. సెలవులు ఇచ్చీ ఇవ్వగానే, అంటే ఏప్రిల్ ఆఖరి రోజుల్లో గానీ, మే మొదటి వారంలో గానీ, సోమవారం తప్పించి వారం మధ్యలో వెళ్లండి. ఆ రోజుల్లో చాలామంది అమ్మమ్మగారిళ్లకి వెళ్లి ఉంటారు. మే డేకి శని, ఆదివారాలు కలిసొచ్చిన ఏడాది ఆ మూడు రోజులూ వదిలేయండి.

ఎండలో ఎక్కువమంది చేసే పొరపాటు, మధ్యాహ్నమంతా నీళ్లలోనే ఉన్నాం కదా, వడదెబ్బ ఎందుకు తగులుతుందనుకోవడం. నీళ్లలో ఉంటే ఒళ్లు చల్లగా అనిపిస్తుంది, దాహం వేయదు. ఎండ మాత్రం నెత్తిన అలాగే మాడుస్తుంటుంది, చెమట పడుతున్నా తెలియదు. బయటికొచ్చాక తలనొప్పి, వికారం అప్పుడు తెలుస్తాయి. అందుకని దాహంతో పని లేకుండా గడియారం చూసి తాగించండి, అరగంటకోసారి పిల్లలకి ఒక గ్లాసు. ఓఆర్ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. రుచి కోసం సగం నీళ్లలో కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. సన్‌స్క్రీన్ నీళ్లలో పోతుంది, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అరికాళ్ల సంగతి ఎవరూ తలచుకోరు. నీటి రైడ్ల దగ్గర చెప్పులు విడిచి, ఎండిన సిమెంటు నేల మీద మెట్ల దాకా నడవాలి. రెండింటి వేళ అది పెనంలా ఉంటుంది. పిల్లలకి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేయండి, క్యూ దాకా వేసుకోనిస్తే వేసుకుంటారు.

నీళ్లలోకి నూలు బట్టలు, జీన్స్, చీర, చుడీదార్ రానివ్వరు. నైలాన్ లేదా పాలిస్టర్ ఈత దుస్తులు కావాలి. నూలు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కి స్లైడ్ మీద పట్టేస్తుంది, దాని పోగులు ఫిల్టర్లలో చేరతాయి. చున్నీ లాంటివి చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ నియమం. విజయవాడలోనే కొనుక్కుని వెళ్తే చౌక. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా కప్పేవి దొరుకుతాయి, ఎండకి కూడా అవే మంచివి.

ఇంకో మాట. మేలో సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారం లేచి ఉరుములొస్తాయి. పెద్ద రైడ్లు నాలుగింటి తర్వాత చూద్దామని వాయిదా వేస్తే అవి మీ కళ్ల ముందే ఆగిపోవచ్చు. కాబట్టి మేలో మాత్రం, పైన ఖమ్మం వాళ్లకి చెప్పిన దానికి భిన్నంగా, కచ్చితంగా ఎక్కాలనుకున్న పెద్ద రైడ్ ఒక్కటి పొద్దున్నే ముగించేయండి.

మరొకటి: మీ సెలవులు కాదు, పార్కు ఉన్న రాష్ట్రం సెలవులు చూడండి. తెలంగాణలో దసరా సెలవులు బతుకమ్మతో కలిపి ముందుగా మొదలవుతాయి. బోనాల మర్నాడు సోమవారం, జూన్ 2 అక్కడ సెలవులు, మీకు కావు. మే కాకుండా ఎప్పుడైనా ఒక సెలవు దొరికితే, అది మీ ఊళ్లో ఉండి హైదరాబాద్‌లో లేని సెలవైతే వదులుకోకండి.

ప్రశ్న: కిందటి జులైలో ఒక పార్కుకి వెళ్లాం. చినుకులు పడగానే పెద్ద రైడ్లు ఆపేశారు. ఒకటి మరమ్మతులో ఉందన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వానాకాలం వెళ్లకూడదా? చినుకులకే ఆపాలా? – కరీంనగర్

జవాబు: చినుకులకే ఆపాల్సిన రైడ్లు కొన్ని ఉన్నాయి, అవసరం లేనివీ ఉన్నాయి. రోలర్ కోస్టర్‌కి సాధారణంగా ఇంజను ఉండదు. గొలుసు పైదాకా లాగి వదిలితే, ఆ తర్వాతంతా దాని బరువుతో అదే దొర్లుతుంది. చక్రాలకి ఉండేది పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పూత. పట్టా తడిస్తే పట్టు మారుతుంది, రైలు ఒక మలుపు చేరే వేగం మారుతుంది. బ్రేకు పట్టీలు రెండువైపుల నుంచి నొక్కి ఆపే రకమైతే తడిలో జారి, ఆగాల్సిన చోటు దాటి ఆగుతుంది. అయస్కాంతాలతో ఆపే బ్రేకులకి ఆ బెడద లేదు. అందుకే పక్కపక్కన ఉన్న రెండు కోస్టర్లలో ఒకటి వానలో నడుస్తుంది, ఒకటి ఆగుతుంది. ఉద్యోగులు బద్ధకించారని అనుకోకండి. పైగా డెబ్భై కిలోమీటర్ల వేగంలో చినుకు ముఖాన తగిలితే రాయి తగిలినట్టే.

ఉరుము వినిపిస్తే లెక్క వేరు. ఎత్తయిన ఇనుప కట్టడాలు, నిండా నీళ్లున్న కొలనులు, రెండూ పిడుగుకి ఇష్టమైనవే. అన్నీ ఆపేస్తారు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగడం ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఆ తర్వాత కూడా ఖాళీ రైలుని తిప్పి చూశాకే జనాన్ని ఎక్కిస్తారు. అంటే పావుగంట జల్లు వల్ల ఒక రైడ్ గంటసేపు ఆగడం మామూలే.

మరమ్మతు సంగతి: పెద్ద రైడ్లని ఏడాదికోసారి విప్పి చక్రాలు, బార్లు, బేరింగులు మార్చాలి. అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లున్నాయేమో రంగు ద్రవంతోనో, అల్ట్రాసౌండ్‌తోనో పరీక్షించాలి. ఆ పని సెలవుల్లో పెట్టుకోలేరు కదా. అందుకే జనం తక్కువున్న నెలల్లో ఒక్కొక్కటిగా మూస్తారు. ఇది ఖాళీ కాలంలో వెళ్లేవాళ్లు కట్టే సుంకం అనుకోండి. టికెట్ కొనే ముందు ఫోన్ చేసి ‘ఫలానా తేదీకి ఏ రైడ్లు మూసి ఉంటాయి’ అని అడగండి. మీరు ముఖ్యంగా అనుకున్నది ఆ జాబితాలో ఉంటే వారం జరపండి. టికెట్ మీద ‘వాన వల్ల డబ్బు వాపసు లేదు’ అన్న నియమం చాలా పార్కుల్లో ఉంటుంది, తేదీ మార్చుకునే వీలు కొన్నిచోట్ల ముందురోజు దాకా ఉంటుంది. కొనేటప్పుడే ఆ గడువు చూసి రాసి పెట్టుకోండి.

వానాకాలం వెళ్లొచ్చా అంటే, వాన తీరు తెలిసి వెళ్లొచ్చు. జూన్ చివర్లో, మళ్లీ సెప్టెంబర్‌లో హైదరాబాద్ వానలు ఎక్కువగా సాయంత్రప్పూట దంచి కొడతాయి. మధ్యాహ్నం మూడింటి దాకా పొడిగా గడిచిపోతుంది. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే మాత్రం రెండు మూడు రోజులు ముసురే. ఆ ముసురులో వెళ్తే తడి బట్టలు, మూసిన రైడ్లు, జలుబు తప్ప మిగిలేది లేదు. వాతావరణ శాఖ జిల్లాలవారీగా రంగులతో హెచ్చరికలిస్తుంది. వండర్లాకి వెళ్లేవాళ్లు హైదరాబాద్‌ది కాదు, రంగారెడ్డి జిల్లాది చూడాలి. పసుపు రంగుకి గొడుగు పట్టుకుని వెళ్లండి, నారింజ కనిపిస్తే మానేయండి. మీరు రాజీవ్ రహదారి మీద వచ్చి శామీర్‌పేట దగ్గర అవుటర్ ఎక్కితే ఊళ్లో నీళ్లు నిలిచిన రోడ్ల బాధ తప్పుతుంది. తిరుగు ప్రయాణం చీకట్లో, వానలో అయితే మాత్రం ఆ రాత్రికి అక్కడే ఆగిపోండి.

ప్రశ్న: మా అమ్మాయి 134 సెంటీమీటర్లు. ఇప్పుడు వెళ్లాలా, ఏడాది ఆగాలా? – నెల్లూరు

జవాబు: తనకి ఏం కావాలో అడగండి. వండర్లాలో చాలా పెద్ద రైడ్లకి కనీసం 140 సెంటీమీటర్లు ఉండాలి. 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, 85 లోపు ఉచితం. వయసు కాదు, ఎత్తే లెక్క. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి వచ్చే ఏడాదికి దాదాపు గీత దగ్గరికి వస్తుంది. నీళ్లంటే ఇష్టమైతే ఇప్పుడే వెళ్లండి, కోస్టర్లే కావాలని పట్టుపడితే ఆగండి. క్యూ మొదట్లో ఆపి ‘నువ్వు చాలవు’ అంటే ఆ చిన్నబుచ్చుకోవడం సాయంత్రం దాకా పోదు. ఇంట్లోనే చెప్పుల్లేకుండా, మడమలు గోడకి ఆనించి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి కొలవండి. జుట్టు ముడి లెక్కలోకి రాదు. పొద్దున లేవగానే కొలిస్తే సాయంత్రం కంటే అర, ఒక సెంటీమీటరు ఎక్కువే వస్తుంది. సరిగ్గా గీత మీద ఉన్నవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి, పార్కులో కొలిచేది మధ్యాహ్నమే.

ప్రశ్న: అత్తయ్య, మామయ్యలకి డెబ్భై దగ్గర పడ్డాయి. వాళ్లతో కలిసి రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలి. కర్నూలు నుంచి వస్తాం. – కర్నూలు

జవాబు: నవంబర్ రెండో పక్షం. దీపావళి అయిపోయి ఉంటుంది, క్రిస్మస్ రద్దీ రాలేదు. ఇక్కడ లెక్క వేరు: క్యూల కంటే ఎండే శత్రువు. 1996లో మొదలై దాదాపు 1,666 ఎకరాల్లో పరుచుకున్న చోటు అది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కెక్కింది. మధ్యమధ్య బస్సుల్లో తిప్పినా, సెట్ల దగ్గర దిగి నడవాలి, మెట్లెక్కాలి. మేలో పెద్దవాళ్లకి అది శిక్షే. డిసెంబర్ ఆఖరి వారంలో దీపాల అలంకరణలు, సాయంత్రం వేడుకలు బాగుంటాయి కానీ, కూర్చోవడానికి చోటు దొరకదు.

పొద్దున తెరిచే వేళకే ఉండండి. ముందు ఆరుబయట చూడాల్సినవి, ఎండెక్కాక లోపల కూర్చుని చూసే ప్రదర్శనలు. ప్రదర్శనల వేళల పట్టీ లోపలికి వెళ్లగానే తీసుకుని, అందులో మూడే ఎంచుకోండి. అన్నీ చూడాలని పరుగెత్తితే మామయ్యగారు మధ్యాహ్నానికే బెంచీకి అతుక్కుపోతారు. కర్నూలు నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్ దగ్గర అవుటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగాలి. దారిలో రావిర్యాల ఎగ్జిట్ తగులుతుంది. ‘ఎలాగూ దారే కదా’ అని రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

ప్రశ్న: అమ్మా నాన్న గుంటూరు నుంచి ఏప్రిల్‌లో వచ్చి అక్టోబర్ దాకా మా దగ్గరుంటారు. మా పిల్లలకి ఆరు, తొమ్మిదేళ్లు. అందరం కలిసి మొదటిసారి ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌కి వెళ్లాలి. బడి సెలవులని జులై అనుకుంటున్నాం. – డాలస్

జవాబు: జులై వద్దు. ఓర్లాండోలో జులై అంటే 33 డిగ్రీలు. గుంటూరు వాళ్లకి అదో లెక్కా అనుకుంటారు కానీ, ఆ ఉక్కపోత గుంటూరు మే నెలని మరిపిస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య దాదాపు రోజూ ఉరుములతో వాన. మెరుపు కనపడగానే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు.

మీకు దొరికే ఆరు నెలల్లో మంచి సమయం మే మొదటి రెండు వారాలు. ఈస్టర్, స్ప్రింగ్ బ్రేక్ అనే బడి సెలవులు అయిపోయి ఉంటాయి, మే ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డే రద్దీ రాదు. పగలు 30, 31 డిగ్రీలు, గాలిలో తేమ ఇంకా పూర్తిగా ఎక్కదు. ఏప్రిల్‌లో దిగిన పెద్దవాళ్లకి జెట్‌లాగ్ తీరడానికి కూడా సరిపోతుంది. పిల్లలకి మూడు నాలుగు రోజులు బడి పోతుంది. బడికి ముందే రాసి అనుమతి తీసుకోండి. టెక్సస్‌లో ఏడాది చివరి పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లోనే ఉంటాయి, మీ తొమ్మిదేళ్ల పిల్లకి ఆ తేదీలు ముందు చూడండి.

రెండోది లేబర్ డే తర్వాత, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం దాటాక. జనం బాగా తగ్గుతారు. కానీ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అందులో సెప్టెంబర్ పదో తేదీ అటూ ఇటూ నడి తుపాను కాలం. విమానం, హోటల్ డబ్బు వాపసు వచ్చే రకం అయితేనే ఈ తేదీలు పెట్టుకోండి. పెద్దవాళ్లు ఎప్పుడైనా చలికాలంలో వస్తే జనవరి మూడో సోమవారం సెలవు తర్వాతి వారం మంచిది. మన సంక్రాంతి అయ్యాక అన్నమాట. మధ్యాహ్నం 22 డిగ్రీలుంటుంది, పొద్దున మాత్రం స్వెటర్ తప్పదు. థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం దగ్గరికి పోకండి.

టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది. క్యాలెండర్‌లో చౌకగా చూపించే రోజే సాధారణంగా ఖాళీగా ఉండే రోజు, అదే మీకు దారి చూపిస్తుంది. మూడేళ్ల లోపు ఉచితం, 3 నుంచి 9 పిల్లల ధర, పదేళ్లు నిండితే పెద్దల ధర. మీ పెద్దపిల్ల పుట్టినరోజు ఎప్పుడో చూసుకోండి. వృద్ధులకి విడిగా తగ్గింపు లేదు.

డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కులూ నాలుగు రోజుల్లో చుట్టేయాలనుకోకండి. అమ్మానాన్నలతో అయితే రెండు చాలు: మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్. మధ్యలో ఒక రోజు విశ్రాంతి. సఫారీ పొద్దున్నే పెట్టుకోండి, జంతువులు చురుగ్గా కనిపించేది అప్పుడే. బండి కుదుపులు బాగా ఉంటాయి, నాన్నగారికి నడుం నొప్పి ఉంటే మానిపించండి. మరో పార్కు ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ 11 దేశాల మంటపాలున్నాయి, చుట్టి వస్తే దాదాపు రెండు కిలోమీటర్లు. వాటిలో మన దేశం లేదని తెలిశాక పెద్దవాళ్లకి అంత నడిచే ఉత్సాహం ఉండకపోవచ్చు. చక్రాల కుర్చీ గేటు దగ్గరే అద్దెకిస్తారు. ‘నాకేం, నేను నడుస్తాను’ అన్నా పొద్దున్నే తీసేసుకోండి, మధ్యాహ్నానికి అయిపోతాయి. తిండికి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా అనే చోట నాన్, పచ్చళ్ల లాంటివి దొరుకుతాయి. ముందే బుక్ చేయాలి.

అక్కడ ఎత్తు కొలతలు మన పార్కుల కంటే తక్కువ. సెవెన్ డ్వార్ఫ్స్ రైలుకి 97 సెంటీమీటర్లు, ఎవరెస్ట్ కోస్టర్‌కి 112 చాలు. మీ ఆరేళ్ల పిల్లాడు రెండోది ఎక్కలేకపోతే, క్యూ దగ్గరున్న ఉద్యోగికి ‘రైడర్ స్విచ్’ అని చెప్పండి. ఒకరు పిల్లాడితో ఉండి, రెండోవాళ్లు దిగాక మళ్లీ క్యూ లేకుండా వెళ్లొచ్చు. మీ తేదీలు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఎప్పుడైనా పడితే మరో జాగ్రత్త: మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొన్ని రాత్రులు హాలోవీన్ పార్టీకి విడి టికెట్ ఉంటుంది. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లని సాయంత్రం ఆరింటికే పంపించేస్తారు. పగలు జనం తక్కువ, బాణసంచా మాత్రం చూడలేరు. పిల్లలు తొమ్మిదింటికల్లా పడుకునేవాళ్లయితే ఆ రోజే ఏరి కోరి వెళ్లండి.

ప్రశ్న: టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలా, కౌంటర్‌లోనా? క్యూ తగ్గించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ తీసుకోవాలా? – రాజమహేంద్రవరం

జవాబు: ఫిబ్రవరి, మే నెలల్లో ముందే కొనండి, కౌంటర్ క్యూ తప్పుతుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా ముందురోజు రాత్రి హెచ్చరిక రంగు చూశాక కొనండి. ఫాస్ట్‌ట్రాక్ వారం మధ్యలో దండగ. శని, ఆదివారాలు, సెలవుల్లో తప్పనిసరై వెళ్తే తీసుకోండి, కానీ అది ఏయే రైడ్లకి, ఒక్కోదానికి ఎన్నిసార్లు వర్తిస్తుందో చదివాకే. పిల్లల ఎత్తు చాలని రైడ్లే ఆ జాబితాలో ఎక్కువుంటే, ఆ డబ్బుతో ముందురోజు రాత్రి లాడ్జిలో గది తీసుకోవడం మంచిది.